క్షమాపణ లేని పాపం ఏది?



మన తెలుగులో 'పాపం' అన్న మాట చిత్రమైనది. చెడ్డపని చేసినవాణ్ణి చూసి 'పాపం మూటగట్టుకుంటున్నాడు' అంటాం. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి 'అయ్యో, పాపం!' అంటాం. ఒక్క మాటలోనే దోషమూ ఉంది, జాలీ ఉంది.

క్రైస్తవులు దేవుని క్షమకు హద్దు లేదని నమ్ముతారు. అయినా క్షమాపణ లేని పాపం ఒకటి ఉందని ఏసుక్రీస్తే అన్నట్టు సువార్తల్లో ఉంది. మరి ఈ రెండూ ఎలా పొసగుతాయి? పగలంతా ఇంటి పనిలో పడి, రాత్రి దీపం ఆర్పాక 'నేను చేసింది ఆ పాపమేనేమో' అని లోలోపల కుమిలిపోయే ఇల్లాలికి ఇది ఉత్త శాస్త్రచర్చ కాదు. నిద్ర పట్టడమా, పట్టకపోవడమా అన్న సంగతి.

ఈ మాట తెలుగులో అచ్చుకెక్కింది విశాఖపట్నం చలవతోనే. మా చోడవరం వాళ్ళం పెద్దాసుపత్రికీ, పెళ్ళిబట్టలకూ వెళ్ళే ఊరే అది. 2022లో మేము అనకాపల్లి జిల్లాలో చేరాం గానీ, అంతకుముందు మాదీ విశాఖ జిల్లాయే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే ఇద్దరు అక్కడికి వచ్చారు. క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు తర్జుమాలో వాళ్ళకు తోడయ్యాడు. క్రాన్ 1809లోనూ, డిగ్రాంజెస్ 1810లోనూ చనిపోయారు. వాళ్ళ శ్రమ మాత్రం వృథా పోలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని సెరాంపూరులో తెలుగున అచ్చయ్యాయి. క్షమాపణ లేని పాపం మాట వచ్చేది సరిగ్గా ఈ మూడింటిలోనే. నాలుగోదైన యోహాను సువార్తలో అది లేదు.

ఇంతకీ ఆ మాట ఎవరితో అన్నాడు? ఏసు ఒక పీడితుణ్ణి బాగుచేశాడు. కళ్ళెదుట జరిగిన ఆ మేలును చూసి కూడా శాస్త్రులు, పరిసయ్యులు అనే మతపెద్దలు 'ఇది దయ్యాల అధిపతి బలంతో చేస్తున్నాడు' అన్నారు. అప్పుడు ఆయన, మనుషుల పాపాలన్నిటికీ క్షమాపణ ఉంది గానీ పరిశుద్ధాత్మను దూషించడానికి లేదన్నాడు. గమనించారా? ఆ మాట ఏడుస్తూ వచ్చిన పాపులతో అన్నది కాదు. మంచిని మంచి అని తెలిసీ చెడు అన్నవాళ్ళతో అన్నది.

తరవాతి కాలంలో జనం ఈ మాటను ఇంకా ఎన్నిటికో అంటగట్టాలని చూశారు. క్రీ.శ. 250లో రోము చక్రవర్తి డేసియస్, అందరూ దేవతలకు బలి అర్పించి పత్రం తెచ్చుకోవాలని ఆజ్ఞ వేశాడు. ప్రాణభయంతో ఎందరో క్రైస్తవులు లొంగిపోయారు. గొడవ సద్దుమణిగాక వాళ్ళు ఏడుస్తూ తిరిగివచ్చారు. రోములో నొవేషియన్ అనే గురువు, వాళ్ళను మళ్ళీ చేర్చుకోవడానికి వీల్లేదన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్, రోము బిషప్పు కొర్నేలియస్, పశ్చాత్తాపపడితే చేర్చుకోవచ్చన్నారు. చివరికి సంఘం నిలబడింది ఈ రెండో మాట మీదే. ఏసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురే ఏడ్చి తిరిగివచ్చి పెద్ద అయ్యాడు గదా! ఆ తరవాత ఆగస్టీన్ అనే గొప్ప పండితుడు, క్షమాపణ లేని పాపమంటే చివరిదాకా మారుమనస్సు పొందకపోవడమే అని వివరించాడు. అంటే తలుపు లోపలినుంచి గడియ వేసుకున్నది మనిషే.

అయినా భయం అంత తేలిగ్గా పోదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులోని ఓల్నీ అనే ఊళ్ళో ఇద్దరు స్నేహితులుండేవారు. జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను ఓడల్లో తరలించిన కెప్టెను. మారి, పాదిరి అయ్యాడు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా రాశాడు. తనను దేవుడు క్షమించాడని నమ్మి నిబ్బరంగా బతికాడు. విలియం కౌపర్ అనే కవి కుందేళ్ళను పెంచుకున్న మెత్తని మనిషి. ఆయన మాత్రం దేవుడు తనను తోసేశాడని కుమిలి, ఆ భయంతోనే 1800లో కన్నుమూశాడు. చూశారా, భయం బరువు తప్పు బరువునుబట్టి ఉండదు. కౌపర్‌ది మనోవ్యాధి అని ఇప్పుడు మనకు తెలుసు. అలాంటి ఇల్లాలికి ప్రార్థనతోపాటు వైద్యుడూ కావాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ పాపం చేశానేమోనని భయపడుతున్నవాళ్ళు దాన్ని చెయ్యలేదనడానికి ఆ భయమే గుర్తు అని పాదిరులు చెబుతూంటారు. నిజంగా గడియ వేసుకున్నవాళ్ళకు ఆ బెంగ ఉండదు గదా.

ఇక మనం ఇతరులను క్షమించే సంగతి. 1999 జనవరిలో మన పొరుగున ఒడిశాలో గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు చిన్న కొడుకులనూ బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని ప్రకటించింది. బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించింది. కోర్టు మాత్రం తన పని తాను చేసింది. ప్రధాన ముద్దాయికి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమ అంటే చేసినదాన్ని మాఫీ చేసి నోరు మూసుకోవడం కాదని ఇక్కడ తెలుస్తుంది. ఇంట్లో దెబ్బలు తినే ఆడపిల్లతో 'క్షమించి పడి ఉండు' అనే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి. మనసులో పగ వదిలెయ్యడం వేరు, అన్యాయాన్ని సాగనివ్వడం వేరు.

బజారులో మనం 'క్షమాపణ' అంటే తప్పు చేసినవాళ్ళు చెప్పుకునేది. చర్చిలో అదే మాటకు దేవుడు ఇచ్చేది అని అర్థం. ఒకరు అడిగేదీ, ఒకరు ఇచ్చేదీ ఒకే మాట అయింది. అడిగే నోరున్నంతవరకు ఇచ్చే చెయ్యీ ఉంటుందని రెండువేల ఏళ్ళ క్రైస్తవ చరిత్ర చెబుతోంది. ఎవరైనా అక్కయ్య ఇవాళ ఆ భయంతో ఉంటే, ఈ ఒక్క మాట ఆమె చెవిన వెయ్యండి.