ఇంటిపేరు ఎక్కడిది?



పెళ్ళి సంబంధం మాట రాగానే మనవాళ్ళు మొదట అడిగేది "ఇంటిపేరేమిటండీ?" అనే. రెండువైపులా ఒకటే అయితే చాలా ఇళ్ళల్లో మాట అక్కడితో ఆగిపోతుంది. ఇంతా చేసి, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందంటే చెప్పగలిగేవాళ్ళు తక్కువ.

సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్ళే దారిలో మోతె అనే ఊరుంది. మోతెవారనే ఇంటిపేరూ ఉంది. అయితే మోతెలోనే ఉన్నన్నాళ్ళు ఎవరినీ మోతెవారని పిలవాల్సిన పనిలేదు, ఊరంతా మోతెవాళ్ళే కదా! ఊరు వదిలి ఇంకోచోట కాపురం పెట్టాకనే ఆ పేరు అంటుకుంటుంది. అంటే ఊరిపేరుతో ఏర్పడిన ఇంటిపేరు మామూలుగా మన పెద్దలు విడిచివచ్చిన ఊరిని చెబుతుందన్నమాట. అదైనా తొందరపడి తేల్చెయ్యకూడదు. నిజామాబాదు జిల్లా వేల్పూరు మండలంలోనూ ఒక మోతె ఉంది మరి.

ఇంగ్లీషువాళ్ళదీ ఇదే కథ. ఉత్తర ఇంగ్లండులో డర్హం దగ్గర వాషింగ్టన్ అనే ఊరుంది. 12వ శతాబ్దంలో అక్కడ భూమి పొందిన కుటుంబానికి ఆ పేరు వచ్చింది. 17వ శతాబ్దంలో ఆ వంశంలోని జాన్ వాషింగ్టన్ అమెరికాలోని వర్జీనియాకు వలసపోయాడు. ఆయన మునిమనుమడు జార్జి ఆ దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు. దాంతో ఊరిపేరు కాస్తా ఇంటిపేరై, ఆ ఇంటిపేరు మళ్ళీ ఊరిపేరై రాజధానికి అమరింది! ఇంకో విచిత్రం చూడండి. ఇవాళ అమెరికాలో ఆ ఇంటిపేరు గలవాళ్ళలో అత్యధికులు నల్లజాతివారే. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్, 1865లో బానిసత్వం రద్దయ్యాక, బడిలో పేరడిగితే తనంతట తానే ఆ ఇంటిపేరు చెప్పుకున్నాడు. రక్తసంబంధం లేకుండానే ఒక పేరు అలా పాకిపోయింది.

మనకు ఇంటిపేరు ముందు, వాళ్ళకు వెనుక. పెళ్ళయితే మారేది మాత్రం ఇక్కడా అక్కడా ఆడవాళ్ళదే.

మన సూర్యాపేట ప్రాంతంలోనే కర్విరాల కొత్తగూడెంలో ఒకే తల్లి కడుపున పుట్టినవారు భీమిరెడ్డి నరసింహారెడ్డిగారూ, మల్లు స్వరాజ్యంగారూ. ఆయన మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆమె 1978లోనూ, 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. పేర్లు మాత్రమే చదివే పిల్లలకు వీళ్ళు అన్నాచెల్లెళ్ళని ఎలా తెలుస్తుంది? తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన రోజుల్లో ఆమెను రాజక్క అన్నారు. ఆ పేరుకు పుట్టింటితోనూ పని లేదు, అత్తింటితోనూ పని లేదు!

కోదాడకు ఆవల, అప్పటి కృష్ణా జిల్లా వైపు పెనుగంచిప్రోలులో పుట్టిన అచ్చమాంబగారిదీ అంతే. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగువారికి విజ్ఞాన గ్రంథాలు అందించిన మహానుభావుడు. తమ్ముణ్ణి తన ఇంట ఉంచుకుని చదివించింది ఈవిడే. స్వయంగా చదువు నేర్చుకుని, స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1905లో ముప్ఫయ్యేళ్ళకే కన్నుమూశారు. పుస్తకం మీద పేరు బండారు అచ్చమాంబ. బండారు భర్తగారి ఇంటిపేరు.