బంగారుపాము – బుంగారుస్

జీవశాస్త్రమనగానే సూక్ష్మదర్శినియు గాజుగొట్టములును మనస్సునకు దోచును. అవి యన్నియు పిమ్మటి మాట. ఈ నామము ఈ ప్రాణికే చెల్లునని నిర్ణయించుట ఆ శాస్త్రమున మొదటి కార్యము. ధాతుపాఠము లేనిదే పాణినిసూత్రములు ప్రవర్తింపనట్లు, ప్రాణుల పట్టిక కుదురనిదే వాని దేహధర్మములను గూర్చి చెప్పిన మాట దేనికి జెందునో తెలియదు. ఈ కార్యము తెలుగుసీమలో నొకప్పుడెట్లు జరిగెనో, అందు తెలుగుమాటకు గల పాలెంతయో యిచట విచారింతము.

పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు చాలకాలము అలెప్పో నగరమున నుండి మహామారివ్యాధిని బరిశీలించినవాడు. ఆతని సోదరుడు క్లాడ్ రస్సెల్ విశాఖపట్టణమున కంపెనీ యధికారియై యుండెను. సోదరునితో గూడ వచ్చిన పాట్రిక్కు 1780 తరువాతి సంవత్సరములను ఆ ప్రాంతముననే గడపెను. లిన్నేయసు శిష్యుడగు కోనిగ్ 1785లో మృతినొందగా, కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి యీతనికి లభించెను. 1789లో ఈతడు స్వదేశమునకు బోగా ఆ పదవి, అంతకుముందే సామర్లకోటలో మొక్కలను బెంచుచుండిన రాక్సుబరోకు సంక్రమించెను.

రస్సెలునకు ముఖ్యమైన ప్రశ్న ప్రాణముతో ముడివడినది. విషము లేని పాము కరచినవాడు మంత్రముచేతను బ్రదుకును, గుళికచేతను బ్రదుకును, ఏమియు లేకున్నను బ్రదుకును. కావున కరచినది యేపామో తెలియనిదే, బ్రదికించినది యేదో చెప్పుటకు వీలులేదు. మన తార్కికులు చెప్పెడి యన్వయవ్యతిరేకములకు ఇంతకంటె తీవ్రమైన యుదాహరణము దొరకుట యరుదు. రస్సెల్ పాముల దంతములను విప్పి చూచెను; కుక్కలను గోళ్లను గరపించి, విషలక్షణములు ఎంతసేపటికి బొడసూపెనో, ప్రాణమెప్పుడు పోయెనో వ్రాసికొనెను. చదువుటకు దుస్సహమైన పుటలవి. అయినను ప్రమాణము లేని నమ్మకమునుండి ప్రమాణము గల జ్ఞానమునకు మార్గము అందుండియే పోయినది.

ఇక లక్షణమును గూర్చిన చిక్కు. లిన్నేయసు 1758లో వెలువరించిన గ్రంథమున ప్రతి జంతువునకును జాతినామ మొకటియు, విశేషనామ మొకటియుగా రెండేసి పదములను నియమించెను. పాములను వేరుపఱచుటకు ఉదరమునందలి పలకలను, తోకక్రింది పొలుసులను లెక్కించుట యాతని పద్ధతి. ఇందు రెండు దోషములు గలవు. ఒకేజాతి పాములలో సంఖ్య మారుటచే నవ్యాప్తి. వేఱు జాతులయందు సంఖ్యలు గలియుటచే నతివ్యాప్తి. రస్సెల్ తన గ్రంథమున ప్రతిపాముకును ఆ లెక్కలు వ్రాయుచునే, తల యాకారమును, వర్ణమును, దంతములను వర్ణించి, చిత్రము నిచ్చి, వీనితోపాటు దేశీయనామమును గూడ జేర్చెను. ఆ గ్రంథము 1796లో లండనునందు బ్రకటితమయ్యెను.

ఆ నామములలో ‘కాటుకరేకులపొడ’ యొకటి. పొడయనగా మచ్చ. గోధుమవన్నె మేనిపై నల్లని యంచులు గల మచ్చలు రేకులవలె వరుసదీరిన యా పామును నేడు రక్తపింజరియందురు. కొండచిలువకు ఆ గ్రంథముననే ‘పెద్దపొడ’యని పేరు. పొడ సామాన్యనామము, పెద్ద, కాటుకరేకుల యనునవి విశేషణములు. లిన్నేయసు రెండుపదముల పద్ధతి యెఱుగని పాములవారు తమంతట దామే యిట్టి పద్ధతిని బాటించుచుండిరి. సుశ్రుతుడు కల్పస్థానమున దర్వీకరులు, మండలులు, రాజిమంతులు అని విభజించుటయు పడగ, మచ్చ, చార యను బాహ్యచిహ్నములను బట్టియే. కాని చిహ్నమును నమ్ముటలో నపాయము లేకపోలేదు. పెద్దపొడకు విషము లేదు. కాటుకరేకులపొడ కాటు ప్రాణాంతకము. రక్తపింజరిని కొండచిలువపిల్ల యనుకొని చేతబట్టువారు నేటికిని గలరు. కావున నామము నడుగవలసినదే. అడిగి, పిదప దంతమును జూడవలసినదే.

1797లో జార్జి షా యను నాంగ్లేయుడు ఈపామునకు రస్సెలు పేరు పెట్టెను. నేటి శాస్త్రనామము ‘దబోయా రస్సెలీ’. అందు దబోయా హిందీపదము, కాటుకరేకులు రాలిపోయినవి. పాములను బట్టి తెచ్చి, వాని పేర్లు చెప్పినవారి పేర్లు ఆ నామమున లేవు.

వేఱొక తెలుగుమాట మాత్రము నిలిచినది. నల్లని, పసుపుపచ్చని పట్టెలు గల పామొకదానిని రస్సెల్ ‘బంగారుపాము’గా నింగ్లీషు లిపిలో వ్రాసెను. ఆ చిత్రమును జూచి దానికి శాస్త్రీయముగా విశేషనామ మిచ్చినవాడు జర్మనీదేశస్థుడగు ష్నైడర్, సంవత్సరము 1801. ఈతడు గ్రీకుభాషకు గొప్ప నిఘంటువు రచించిన పండితుడగుట మనవారు గమనింపదగినది. 1803లో ఫ్రాన్సుదేశపు దోదాఁ యనునతడు ఆ తెగకంతకును ‘బుంగారుస్’ అని జాతినామ మొసగెను. అకారమునకు రస్సెల్ ఇంగ్లీషువారి యలవాటు చొప్పున వాడిన యక్షరమును లాటినుపద్ధతి జదువుటచే బకార మకారముతో గాక యుకారముతో గూడినది. చివరి ‘ఉస్’ లాటినున ప్రథమైకవచనప్రత్యయము; మన ‘సు’ ప్రత్యయమునకు సోదరము. మనము సంస్కృతపదమునుండి ఆ సకారమును దొలగించి డుమువులను జేర్చుకొందుము. ఇచట తెలుగుపదమునకే సకారము వచ్చి చేరినది! బంగారుశబ్దము భృంగారశబ్దభవమను మతము నంగీకరించువారికి ఈ పదప్రయాణము మఱింత వినోదము గూర్చును.

జాతినామమైన పిదప యోగార్థము పోయి రూఢి మిగిలెను. మన యిండ్లలో జొచ్చి రాత్రులు నిద్రించువారిని గరచు కట్లపాము నలుపుమేన తెల్లని చారలు గలది. బంగారుచాయ యించుకయు లేదు. అయినను అదియు ‘బుంగారుస్’ జాతిలోనిదే. తైవాను దీవియందలి యొక కట్లపాము సైతము అట్టిదే. దాని విషమునుండి చాంగ్, లీ యను నిరువురు 1963లో వేఱుపఱచిన పదార్థమునకు ‘ఆల్ఫా-బుంగారోటాక్సిన్’ అని పేరు. నాడీతంతువు పంపెడి యాజ్ఞను కండరము గ్రహించు స్థానమున ఇది గట్టిగా నంటుకొని, ఆజ్ఞను జేరనీయదు. దానిచే శ్వాసకండరములు స్తంభించును. ఈ యంటుకొనుగుణమునే సాధనముగా జేసికొని, 1970 తరువాత శాస్త్రజ్ఞులు ఆ గ్రహణస్థానములను లెక్కించిరి, వేఱుపఱచిరి. కండరములు త్వరగా నలసిపోవు మయస్తీనియా యను వ్యాధియందు అవి తగ్గియుండునని 1973లో దెలిసినదియు దీని సాయముననే.

ఒక పండితుడు, అందును నిఘంటుకారుడు, చిత్రమును జూచి పామును నిర్ణయింపగా, మన నిఘంటువులలో ‘సర్పవిశేషము’, ‘మత్స్యవిశేషము’, ‘వృక్షవిశేషము’ అను వివరణములు నేటికిని పుటపుటను గనబడుచున్నవి. ఇది వివరణము కాదు. వివరణము లేదనుటకు బదులు చెప్పెడి మాట. బ్రౌను తన నిఘంటువున మొక్కల పేర్లచెంత రాక్సుబరో గ్రంథము నుదాహరించి యిట్టి లోపమును కొంత దీర్చెను. సోమిదచెట్టు పేరు 1830లో ‘సోయ్మిడా’ యను వృక్షజాతినామమైనది. సోమిద యనగానేమని మన విద్యార్థి యడిగినచో ఆ నామమునే చూపవచ్చును.

1803లో వెలువడిన రస్సెలు మత్స్యగ్రంథమున విశాఖపట్టణపు చేపలు రెండువందలు చిత్రసహితముగా నున్నవి. వానికిచ్చిన దేశీయనామములను తెలుగులిపిలో నుద్ధరించు పని సులభము కాదు. ఇంగ్లీషు లిపిలో దకారడకారములకు భేదము లేదు, లకారళకారములకు లేదు, హ్రస్వదీర్ఘముల వ్యవస్థయు సరిగా లేదు. పాములగ్రంథమున కట్లపామునకు గల పేరు ‘పరగుడు’ అని ముగియునో, ‘పరగూడు’ అని ముగియునో యక్షరములను జూచి తేల్పరాదు. వ్యాకరణము గూడ నిట సాక్ష్యము చెప్పదు. చిత్రమును జేతబట్టుకొని రేవునకు బోయి పల్లెవారి నడుగవలయును, పాములవారి నోట వినవలయును.