వియర్డు శబ్దము: అర్థపరిణామము

షేక్స్పియరు రచించిన మాక్బెత్తు నాటకమున, యుద్ధమునఁ జయించి మరలుచున్న సేనానికి బీడునేలమీఁద ముగ్గురు స్త్రీలెదురై, రాజు కాఁగలవని చెప్పుదురు. వారికి నాటకమున “వియర్డు సిస్టర్సు” అని పేరు. నేఁటి యింగ్లీషున వియర్డు అనఁగా వింతయైనది. ఆ యర్థమునే కొని “వింత యక్కచెల్లెండ్రు” అని పాఠము చెప్పినచో నాటకమునకుఁ బ్రాణమైన శంకయే పోవును.

ప్రాచీనాంగ్లమున “విర్డ్” అనునది విశేషణము గాదు, నామవాచకము. విధి యని దాని యర్థము. బేవుల్ఫ్ కావ్యమున నిది పలుమాఱు గానవచ్చును. అగుట, సంభవించుట యను నర్థములు గల “వెయోర్థాన్” క్రియ దీనికిఁ జుట్టము. జర్మనులోని “వెర్డెన్”, త్రిప్పుట యను నర్థము గల లాటిను “వెర్తెరె”, సంస్కృతమందలి వృత్ ధాతువు, అన్నియు నొక్క వంశమువే. వృత్తమనఁగా గుండ్రనిది, జరిగినది యని రెండర్థములు గలవు. కావునఁ దిరుగుటనుండి జరుగుట పుట్టుట సంస్కృతజ్ఞులకుఁ గ్రొత్త గాదు. ఇఁక, క్రియలో థకారముండఁగా నామమున డకారమేల వచ్చినది? ఇట్టి భేదమునకు బూర్వకాలపు స్వరస్థానమే కారణమని డెన్మార్కు పండితుఁడు కారల్ వెర్నరు 1875లో వ్రాసిన వ్యాసమున నిరూపించెను. ఆతనికి ముఖ్యసాక్ష్యము వైదికస్వరమే! నాదసామ్యమును నమ్మి మన “విడ్డూరము”ను గూడ నీ వంశమునఁ జేర్చుట మాత్రము వైయాకరణులకుఁ దగదు.

దక్షిణాంగ్లమున నీ మాట క్రమముగా వాడుక తప్పినది, స్కాట్లండున నిలిచినది. 1513లో వర్జిలు కావ్యమును స్కాట్సు భాషలోనికిఁ దెచ్చిన గావిన్ డగ్లస్ రోమకుల విధిదేవతలను “వియర్డు సిస్టర్సు” అనియే పేర్కొనెను. 1577లో మొదట ముద్రితమైన హాలిన్షెడ్డు చరిత్రయు నా స్త్రీలు విధిదేవతలు గావచ్చుననెను. నాటకకథ కదియే యాధారము. కవి గతించిన యేడేండ్లకు, 1623లో వెలువడిన సంపుటమున నీ మాట “వేవర్డు” మొదలగు రూపములఁ బడినది. మొండివారను నర్థము దోఁచు నా పాఠమును 1733లో థియొబాల్డు దిద్దెను.

విధి వింతగా మాఱుటకు నీ నాటకమే ద్వారము. ఎండి ముడుతలుపడి, గడ్డములు గల యా స్త్రీలను జూచినవారు పేరులోని నామమును విశేషణముగా భావించిరి. షెల్లీ 1816లో, కీట్సు 1820లో దీనిని లోకోత్తరము, భయావహము అను నర్థమున వాడిరి. తరువాత భయము తొలఁగి వింత మిగిలినది.

వారు విధిదేవతలైనచో, రాజును జంపిన మాక్బెత్తు స్వతంత్రకర్తయా, ప్రయోజ్యకర్తయా? వింత స్త్రీలన్నచో నీ ప్రశ్నకే తావులేదు. వారు రాజ్యమును జెప్పిరి గాని హత్యను జెప్పలేదు. బాంకో సంతతివారు రాజులగుదురని యా నోళ్లే పలికినవి. అతఁడు మాత్రము కత్తి దూయలేదు.