పసుపు కాలం, ఓడదొంగల కాలం

ఆర్మూరు ప్రాంతంలో పసుపు తవ్వకం జనవరిలో ఊపందుకుంటుంది. కొమ్ము వేరు మండ వేరు చేసి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి అవుతుంది. అందులో కొంత ఓడలెక్కి గల్ఫ్‌కూ, ఆ పైకీ పోతుంది. వేసవిలో, నైరుతి రుతుపవనాలు రాకముందు, అరేబియా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. సరుకు ఓడకు అది మంచి అదను, దొంగకూ అదే అదను.

ఓడదొంగల భయం పాతది. భారత్‌కు వచ్చే ఓడల్లో దొంగలకు జడిసి విలుకాండ్రను ఎక్కించేవారని ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. మన తీరంలోనైతే తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలను రాజులే దోచుకునేవారు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పోయేవి. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి, సుంకం తప్ప మరేదీ ముట్టబోమని వర్తకులకు మాటిచ్చాడు. గాలి తెచ్చిన ఆపద మనిషి దోపిడీకి దారి కాకూడదన్న ఆ ఆలోచన గొప్పది.

మన కాలానికి వస్తే, సొమాలియా ఓడదొంగల ఆయుధాలు తుపాకులే కావు, చిన్న ఫైబర్ పడవ, మోటారు, ఓడకు తగిలించే నిచ్చెన కూడా. అల రెండు మీటర్లు దాటితే పడవ ఎగిరెగిరి పడుతుంది, నిచ్చెన నిలవదు. అందుకే నైరుతి రుతుపవనాల నెలల్లో దాడులు తగ్గేవి, గాలి తగ్గగానే పెరిగేవి. 2011లో దాడులు, దాడి యత్నాలు కలిపి 237. ఆ రోజుల్లోనే అమెరికా నౌకాదళ పరిశోధన శాస్త్రవేత్తలు గాలి, అల, ప్రవాహాల సూచనలకు దొంగల స్థావరాలు, అలవాట్ల సమాచారం జోడించి, ఎక్కడ ముప్పు ఎక్కువో చూపే పటాలు తయారుచేశారు. కాపలా నౌకలు కొన్నే, సముద్రం అపారం. ఎటు పంపాలో తేల్చడానికి ఆ పటమే ఆధారం. 2013కు దాడులు 15కు పడిపోయాయి. ఆ తగ్గుదలలో పెద్ద వాటా మాత్రం సాయుధ కాపలాదారులది, నౌకాదళాలదే.

దొంగలు మళ్లీ లేచారు. 2023 డిసెంబరులో హైజాకైన సరుకు ఓడ ఎంవీ రుయెన్‌ను 2024 మార్చిలో మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ కోల్‌కతా, నౌకాదళ మార్కోస్ కమాండోలు విడిపించారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది బతికి బయటపడ్డారు.

ముప్పు పటానికి కావలసిన సమాచారం మన దగ్గరా ఉంది. అల ఎత్తు, గాలి, ప్రవాహాల సూచనలను హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ రోజూ ఇస్తోంది. ఓడల కదలికలు, దాడుల సమాచారం 2018లో గురుగ్రామ్‌లో మొదలైన నౌకాదళ సమాచార కేంద్రానికి చేరుతోంది. ఈ రెండూ కలిపి వేసిన ముప్పు పటం పసుపు ఎగుమతిదారుల చేతికి కూడా అందాలి. దారి మళ్లి ఓడ ఆలస్యమైనా, బీమా ఖర్చు పెరిగినా ఆ భారం చివరికి యార్డులో పలికే ధర మీదే పడుతుంది.