దయ్యాల వేటగాడికి రెండు ట్రేడ్లు ఎందుకు?

మొన్నటి ఎపిసోడ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో చచ్చి లేచినవాటిని వేటాడే పాత్రను ఎలా కట్టుకోవాలో చెప్పాను. టైం సరిపోక దాని వెనక ఉన్న చరిత్ర వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నా. ముందు ఒక చావు సంగతి చెప్పాలి.

శాన్ రామన్‌లో మా ఇంట్లో శనివారం రాత్రి భోజనాలయ్యాక అదే టేబుల్ మీద పాచికలు పడతాయి. నేను, మా పదిహేనేళ్ళ అబ్బాయి, వాడి స్నేహితులు ముగ్గురు. ఆడేది 2014 రూల్స్. నాది ఏడో లెవెల్ పాత్ర: రెండు లెవెళ్ళు పలాడిన్, ఐదు లెవెళ్ళు క్లెరిక్. పలాడిన్ అంటే దేవుడి మీద ఒట్టు పెట్టుకుని కత్తి పట్టినవాడు. క్లెరిక్ అంటే పూజారి. ఐదో లెవెల్ పూజారి దేవుణ్ణి తలిచి చెయ్యెత్తితే, తట్టుకోలేని జాంబీలు పారిపోవడం కాదు, అక్కడికక్కడే నాశనమైపోతాయి. ఇక పలాడిన్‌కి స్మైట్ అని ఒకటుంది. మంత్రానికి వాడాల్సిన స్లాట్‌ని కత్తి దెబ్బలో పోస్తాడు. చచ్చి లేచినవాటి మీదైతే ఇంకో ఎనిమిది ముఖాల పాచిక అదనం. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఆ రాత్రి వ్యాంపైర్ గుహలో నా మూడో స్థాయి స్లాట్లు మూడూ స్మైట్‌కే ఖర్చు పెట్టాను. వ్యాంపైర్ కూలింది. కూలేముందు మావాడి పాత్రను చంపేసింది. నిమిషంలోపు బతికించే రివివిఫై మంత్రం నాకు వచ్చు, కానీ అది మూడో స్థాయిది. స్లాట్ ఒక్కటీ మిగల్లేదు. మావాడు మెల్లగా అన్నాడు: "డాడీ, ఏడు లెవెళ్ళూ క్లెరిక్కే తీసుకునుంటే డెత్ వార్డ్ ఉండేది కదా." నిజమే. అది నాలుగో స్థాయి మంత్రం, ప్రాణం పోయే దెబ్బ తగిలినా ఒక్క పాయింటుతో నిలబెడుతుంది. నేను రెండు పనులు నేర్చుకోబోయి అక్కడిదాకా చేరలేదు.

అసలు కత్తి ఒకడికి, మంత్రం ఒకడికి అని పంచిందెవరు?

1970ల మొదట్లో మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే ఆయన బ్లాక్‌మూర్ అనే ఆట నడిపేవాడు. అందులో ఒక ఆటగాడి పాత్ర సర్ ఫ్యాంగ్ వ్యాంపైర్ అయిపోయి, ఎవరికీ లొంగనంత బలిసింది. దానికి విరుగుడుగా ఒక పూజారి పాత్ర పుట్టింది, ఆడినవాడు మైక్ కార్. 1958 డ్రాక్యులా సినిమాలో పీటర్ కుషింగ్ వేసిన వాన్ హెల్సింగ్ దీనికి నమూనా అని ఆ కాలంవాళ్ళు చెబుతారు. అంటే క్లెరిక్ అనే క్లాసే దయ్యాల వేటగాడిగా మొదలైంది! ఒక టేబుల్ దగ్గర వచ్చిన తగువు తీర్చడానికి.

1974లో ఆర్నెసన్, గేరీ గైగాక్స్ కలిసి తెచ్చిన మొదటి డి అండ్ డిలో మూడే క్లాసులు: యోధుడు, మంత్రగాడు, క్లెరిక్. మొదటి లెవెల్ క్లెరిక్ రెండు పాచికలేసి ఏడు గానీ ఆపైన గానీ తెస్తే అస్థిపంజరాలు పారిపోతాయి. కానీ అంచున్న ఆయుధం పట్టకూడదు, గదతో సరిపెట్టుకోవాలి. వ్యాంపైర్ దెబ్బకి ఒంటి పాయింట్లే కాదు, నెలల తరబడి ఆడి సంపాదించిన లెవెళ్ళు కూడా పోయేవి. అందుకే పూజారి కావాలి, కత్తీ కావాలి అనిపించింది జనానికి.

1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దారి ఇచ్చారు, టోల్ గేటు పెట్టి. ఒకేసారి రెండు క్లాసులు మనుషులు కానివాళ్ళకే. వచ్చిన అనుభవం పాయింట్లు సగం సగం. హాఫ్ ఎల్ఫ్ క్లెరిక్ కమ్ రేంజర్ కావచ్చు గానీ, క్లెరిక్‌గా ఐదో లెవెల్ దాటడు. మనిషైతే పాత క్లాస్ వదిలేసి కొత్తది మొదలుపెట్టాలి. మొదటిదాని ముఖ్య లక్షణం 15, రెండోదానిది 17 ఉండాలి. కొత్త లెవెల్ పాతదాన్ని దాటకముందు పాత విద్య వాడితే ఆ పోరాటానికి అనుభవం సున్నా.

ఇది చదివి నవ్వొచ్చింది నాకు. నేను ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. దోహాలో పని చేస్తూ సైట్లో కడ్డీ కట్టడం, షట్టరింగ్ నేర్చుకున్నా. ఆఫీసువాళ్ళకి నేను సైటువాణ్ణి, సైటువాళ్ళకి డ్రాయింగువాణ్ణి. సూపర్‌వైజర్ అవడానికి ఆరేళ్ళు పట్టింది, ఒకే ట్రేడ్ పట్టుకున్న నా జోడీగాడికి మూడేళ్ళు. అనుభవం సగం సగం అంటే ఏంటో పుస్తకం చూడకముందే తెలుసు.

ఇంకో జవాబు మా బే ఏరియాలోనే పుట్టింది. ఇక్కడ 1976లో మొదలైన డన్‌డ్రాకాన్ అనే ఆటల జాతర చాలా ఏళ్ళు మా ఊరి మారియట్ హోటల్లోనే జరిగింది, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవులకి. హోటలున్న రోడ్డు పేరు బిషప్ డ్రైవ్, మైక్ కార్ పాత్ర కూడా బిషప్పే! ఆ మొదటి జాతరలోనే స్టీవ్ పెరిన్ డి అండ్ డి పోరాటానికి తన సొంత రూల్స్ పంచాడు. 1978లో ఆయన, మిత్రులు కలిసి రాసిన రూన్‌క్వెస్ట్ కేయాసియం నుంచి వచ్చింది. అందులో క్లాసులే లేవు. ఏ పని వాడితే ఆ పనిలో నైపుణ్యం పెరిగే అవకాశం. గ్రెగ్ స్టాఫర్డ్ సృష్టించిన ఆ లోకంలో హుమాక్ట్ అని మృత్యుదేవుడున్నాడు. చచ్చినవాళ్ళు చచ్చినట్టే ఉండాలన్నది ఆయన ధర్మం. ఆయన భక్తుడికి కత్తీ, మంత్రమూ రెండూ ఉంటాయి. కానీ దేవుడిచ్చే ప్రతి వరానికీ ఒక నిష్ఠ పాటించాలి. గోడ తీసేసినా ఖరీదు మాత్రం పోలేదు.

డి అండ్ డిలో మనుషులకీ గోడలు తీసింది 2000లో, మూడో ఎడిషన్‌తో. ఇప్పుడైతే ముఖ్య లక్షణాలు 13 ఉంటే చాలు: పలాడిన్‌కి బలం, ఆకర్షణ, క్లెరిక్‌కి వివేకం.

కాబట్టి మావాడికి నా జవాబు ఇది. రెండు ట్రేడ్లు తప్పు కాదు, స్మైట్ లేకపోతే ఆ వ్యాంపైర్ మిగతావాళ్ళనీ చంపేది. నా తప్పు స్లాట్లన్నీ ఒక ట్రేడ్‌కే పోసెయ్యడం. ఇకనుంచి ఒక మూడో స్థాయి స్లాట్ సైట్లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లాంటిది, నిప్పంటుకుంటే తప్ప ముట్టను. వచ్చే రెండు లెవెళ్ళూ క్లెరిక్కే. తొమ్మిదో లెవెల్‌కి డెత్ వార్డ్ వస్తుంది.

మావాడు కొత్త పాత్ర రాసుకుంటున్నాడు. క్లెరిక్, ఒక్కటే క్లాస్. "మీకోసమే డాడీ" అన్నాడు.