ప్రయోగశాల నుంచి కథలోకి: కృత్రిమ మేధ చరిత్ర, సమీప భవిష్యత్ కల్పన

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కృత్రిమ మేధ రంగంలోని కొన్ని వాస్తవ పరిణామాలు కథలకు, చలనచిత్రాలకు ఎలా ఆధారమయ్యాయో వివరించగలుగుతారు.
• అటువంటి కల్పనను చరిత్ర ఆధారంగా ఎంతవరకు ఉపయోగించవచ్చో చెప్పగలుగుతారు.
• ఒక సంఘటన, ఒక రచన మధ్య సంబంధాన్ని కాలక్రమం ద్వారా సరిచూడగలుగుతారు.

7.1 ప్రస్తావన

చరిత్ర విద్యార్థికి కల్పిత కథలతో పనేమిటని మీకు అనిపించవచ్చు. ఒక కాలంలో ఏమి జరిగిందో శాసనాలు, దస్తావేజులు, ప్రభుత్వ నివేదికలు చెబుతాయి. ఆ కాలం ప్రజలు దేనిని ఆశించారో, దేనికి భయపడ్డారో తెలుసుకోవాలంటే సాహిత్యం వైపు కూడా చూడాలి. 19వ శతాబ్దం చివరినాటి ఉత్తరాంధ్ర సమాజాన్ని అధ్యయనం చేసేవారు గురజాడ 'కన్యాశుల్కం' నాటకాన్ని పక్కన పెట్టలేరు కదా!

గతాన్ని, వర్తమానాన్ని చిత్రించే రచనలకే కాక, రేపటిని ఊహించే రచనలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. మరికొన్నేళ్లలో ఇలా జరగవచ్చు అనిపించేటట్లు రాసిన కథలను సమీప భవిష్యత్ కల్పన అంటాం. వీటిలో కనిపించే యంత్రాలు చాలావరకు శూన్యం నుంచి పుట్టినవి కావు. రచయితలు తమ కాలపు ప్రయోగశాలలను, కార్యాలయాలను, సైనిక కేంద్రాలను గమనించి రాశారు. వారిని ఎక్కువగా ఆకర్షించింది యంత్రపు శక్తి కాదు, యంత్రం ఎదుట మనుషులు ప్రవర్తించిన తీరు. ఈ అంశాన్ని కొన్ని ఉదాహరణలతో పరిశీలిద్దాం.

7.2 'రోబో' అనే మాట, పాట పాడిన కంప్యూటర్

'రోబో' అనే మాట ప్రయోగశాల నుంచి రాలేదు, నాటకం నుంచి వచ్చింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకంలో కృత్రిమ శ్రామికులకు ఈ పేరు పెట్టాడు. చెక్ భాషలో 'రొబోతా' అంటే భూస్వామికి నిర్బంధంగా చేయవలసిన చాకిరి. నిజాం పాలనలోని తెలంగాణ చరిత్ర చదివిన మీకు దీని అర్థం ఒక్క మాటలో చెప్పవచ్చు: వెట్టి. యంత్రాల గురించిన తొలి కథల్లోనే శ్రమ, యాజమాన్యం, తిరుగుబాటు అనే ప్రశ్నలు ఉన్నాయన్నది దీని నుంచి గ్రహించాలి.

'కృత్రిమ మేధ' అనే ఆంగ్ల పదబంధాన్ని జాన్ మెకార్తీ, ఆయన సహచరులు 1955లో డార్ట్‌మత్ కళాశాల సమావేశానికి రాసిన ప్రతిపాదనలో వాడారు. ఆ సమావేశం 1956 వేసవిలో జరిగింది. తరువాత అయిదేళ్లకు, 1961లో, అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో ఒక ఐబీఎం కంప్యూటర్ చేత 'డైసీ బెల్' అనే పాత పాటను కృత్రిమ స్వరంతో పాడించారు. మిత్రుడు జాన్ పియర్స్‌ను చూడడానికి అక్కడికి వెళ్లిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఆ ప్రదర్శన విన్నాడు. 1968లో విడుదలైన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రంలో హాల్ అనే కంప్యూటర్ జ్ఞాపకశక్తిని ఒక్కొక్క భాగంగా తొలగిస్తూంటే, అది చివరికి పాడే పాట ఇదే.

ఆ చిత్రానికి కృత్రిమ మేధ శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ సలహాదారు. ఆనాటి శాస్త్రజ్ఞుల ఆశలు చాలా పెద్దవి. మనిషి చేయగల ఏ పనినైనా ఇరవై ఏళ్లలో యంత్రాలు చేయగలవని హెర్బర్ట్ సైమన్ 1965లో రాశాడు. 2001 సంవత్సరం వచ్చేనాటికి హాల్ వంటి యంత్రం ఎక్కడా లేదు. కాబట్టి ఈ చిత్రం 2001 గురించి మనకు ఏమీ చెప్పదు; 1968 నాటి విశ్వాసం గురించి చాలా చెబుతుంది.

7.3 ఎలైజా నుంచి 'హర్' వరకు

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా అనే ప్రోగ్రాం వివరాలు 1966లో ప్రచురితమయ్యాయి. టైపు చేసిన వాక్యానికి అది టైపులోనే జవాబిస్తుంది. దాని ప్రసిద్ధ రూపం మానసిక వైద్యుణ్ని అనుకరించింది. పనిచేసే విధానం సులభం. వాక్యంలో ఒక ముఖ్యపదాన్ని వెతికి, మిగిలిన మాటలను తిప్పి ప్రశ్నగా మారుస్తుంది. తెలుగులో ఊహించుకుంటే, "నాకు దిగులుగా ఉంది" అని మీరు రాస్తే, "మీకు ఎంతకాలంగా దిగులుగా ఉంది?" అని అడుగుతుంది. దిగులంటే ఏమిటో దానికి తెలియదు.

ఈ సంగతి వైజెన్‌బామ్ కార్యదర్శికి బాగా తెలుసు. నెలల తరబడి ఆ ప్రోగ్రాం తయారీని ఆమె దగ్గరుండి చూసింది. అయినా దానితో నాలుగు మాటలు సాగించగానే, తనను ఏకాంతంగా వదిలి గది బయటికి వెళ్లమని ఆయననే కోరింది. కొందరు మానసిక వైద్యులు ఇటువంటి యంత్రాలతో చికిత్స చేయవచ్చని ఆశపడ్డారు. నాజీల పాలన నుంచి బాల్యంలోనే కుటుంబంతో అమెరికాకు వలస వచ్చిన వైజెన్‌బామ్‌ను ఈ స్పందన కలవరపరచింది. యంత్రానికి సాధ్యమైనంత మాత్రాన కొన్ని పనులు దానికి అప్పగించకూడదని వాదిస్తూ 1976లో ఆయన ఒక గ్రంథం రాశాడు. తాను సృష్టించిన దానిని గురించి తానే హెచ్చరించిన శాస్త్రవేత్తగా ఆయనకు చరిత్రలో స్థానం ఉంది.

ఎలైజా స్ఫూర్తితో రిచర్డ్ వాలెస్ 1995లో ఎలీస్ అనే సంభాషణ ప్రోగ్రాంను ప్రారంభించాడు. దర్శకుడు స్పైక్ జోన్జ్ దానితో కొంతసేపు మాట్లాడి చూశాడు. తన 'హర్' చిత్రానికి ఆలోచన అక్కడే పుట్టిందని తరువాత చెప్పాడు. 2013లో వచ్చిన ఆ చిత్రంలో ఒంటరి మనిషి ఒకడు కంప్యూటర్ స్వరంతో ప్రేమలో పడతాడు. 1966 నాటి కార్యదర్శి కోరిన ఏకాంతమే ఇక్కడ పూర్తి కథగా విస్తరించింది.

కథ అక్కడితో ఆగలేదు. 2024 మేలో ఓపెన్ఏఐ సంస్థ మాట్లాడే కొత్త నమూనాను ప్రదర్శించిన రోజున దాని అధిపతి శామ్ ఆల్ట్‌మన్ సామాజిక మాధ్యమంలో 'హర్' అనే ఒక్క పదం రాశాడు. అందులోని ఒక స్వరం తన గొంతును పోలి ఉందని, ఆ చిత్రంలో స్వరం అందించిన నటి స్కార్లెట్ జొహాన్సన్ అభ్యంతరం చెప్పింది. అది ఆమె స్వరానికి అనుకరణ కాదని సంస్థ చెప్పినా, ఆ స్వరాన్ని నిలిపివేసింది. ప్రయోగశాల నుంచి కథలోకి వెళ్లిన ఆలోచన తిరిగి ప్రయోగశాలకు చేరిన సందర్భం ఇది.

7.4 తప్పుడు హెచ్చరికలు, 'వార్‌గేమ్స్'

1979 నవంబరు 9న అమెరికా వైమానిక రక్షణ కేంద్రం కంప్యూటర్ తెరల మీద సోవియట్ క్షిపణుల భారీ దాడి కనిపించింది. యుద్ధవిమానాలు గాలిలోకి లేచాయి. కొద్ది నిమిషాల్లో ఉపగ్రహాల, రాడార్ల సమాచారంతో సరిచూస్తే దాడి ఏదీ లేదని తేలింది. శిక్షణ కోసం తయారుచేసిన దాడి నమూనా అసలు వ్యవస్థలోకి చేరడమే కారణం. 1980 జూన్‌లో మళ్లీ తప్పుడు హెచ్చరికలు వచ్చాయి. ఈసారి కారణం ఒక డాలరు కూడా ఖరీదు చేయని చిప్ పాడవడం.

ఈ వార్తలు పత్రికల్లో వచ్చిన వాతావరణంలోనే లారెన్స్ లాస్కర్, వాల్టర్ పార్క్స్ 'వార్‌గేమ్స్' కథను అల్లారు. కంప్యూటర్ భద్రతా నిపుణుడు విల్లిస్ వేర్‌ను సంప్రదించారు. 1983 జూన్‌లో విడుదలైన ఈ చిత్రంలో ఒక బాలుడు టెలిఫోను ద్వారా సైనిక కంప్యూటర్‌లోకి ప్రవేశించి ఆట మొదలుపెడతాడు. ఆటకు, యుద్ధానికి తేడా ఆ యంత్రానికి తెలియదు.

అధ్యక్షుడు రీగన్ ఈ చిత్రం చూసి, ఇది నిజంగా జరగగలదా అని సైన్యాధిపతుల సంఘ అధ్యక్షుడు జనరల్ వెస్సీని అడిగాడు. పరిస్థితి మీరు అనుకున్నదానికంటే అధ్వానంగా ఉందన్న భావంతో ఆయన విచారించి జవాబు చెప్పాడు. ఆ విచారణ ఫలితంగా 1984 సెప్టెంబరులో ప్రభుత్వ కంప్యూటర్ల భద్రతపై అధ్యక్ష ఆదేశం వెలువడింది. ఒక కల్పిత కథ ప్రభుత్వ విధానాన్ని కదిలించిన అరుదైన సందర్భం ఇది.

7.5 కాలక్రమం: ఒక హెచ్చరిక

కాంటాక్ట్ తరగతుల్లో ఈ పాఠం చెప్పినప్పుడల్లా కొందరు విద్యార్థులు, 'వార్‌గేమ్స్'కు ప్రేరణ సోవియట్ అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్ అని రాసేవారు. పోలిక నిజమే. సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికా నుంచి అయిదు క్షిపణులు బయలుదేరాయని చూపినప్పుడు, పెత్రోవ్ దానిని తప్పుడు హెచ్చరికగా నివేదించాడు. దాడి చేయదలచినవారు అయిదే క్షిపణులు పంపరని, భూమి మీది రాడార్లు దేనినీ చూపడం లేదని ఆయన తర్కించాడు. మేఘాలపై పడిన సూర్యకాంతిని ఉపగ్రహాలు క్షిపణులుగా పొరబడ్డాయని తరువాత తేలింది.

అయితే ఇది జరిగింది 1983 సెప్టెంబరు 26న. అప్పటికే చిత్రం విడుదలై మూడు నెలలు దాటింది. పెత్రోవ్ కథ లోకానికి తెలిసింది 1990లలో. పోలిక ఉన్నంత మాత్రాన ప్రేరణ అనుకోకూడదు. ఏది ముందు జరిగింది, రచయితకు అది తెలిసే అవకాశం ఉందా, తెలిసినట్లు ఆధారం ఉందా అనే మూడు ప్రశ్నలు వేసుకున్న తరువాతే నిర్ణయానికి రావాలి.

7.6 సారాంశం

పై ఉదాహరణల్లో యంత్రాలు వేరు, దేశాలు వేరు. మనుషుల ముందు నిలిచిన ప్రశ్న ఒకటే: యంత్రం చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి, నమ్మిన తరువాత బాధ్యత ఎవరిది? పెత్రోవ్ నమ్మలేదు, కార్యదర్శి నమ్మింది. ఇద్దరూ మనవంటి సామాన్యులే. సమీప భవిష్యత్ కల్పన యంత్రాల గురించి తరచు పొరబడింది, మనుషుల గురించి అంతగా పొరబడలేదు. ఈ రోజు మీ చేతిలోని ఫోను మీ ప్రశ్నకు తెలుగులో జవాబిస్తున్నప్పుడు, ఈ పాఠం మీకు పరీక్షకు మించి పనికివస్తుంది.

7.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఎలైజా ప్రోగ్రాం పనిచేసిన విధానాన్ని, దానిపై వైజెన్‌బామ్ అభిప్రాయాన్ని వివరించండి.
2. 'వార్‌గేమ్స్' చిత్రానికి, అమెరికా ప్రభుత్వ విధానానికి గల సంబంధాన్ని చర్చించండి.
3. ఒక రచనకు ఒక సంఘటన ప్రేరణ అని నిర్ధారించడానికి ఏ అంశాలను పరిశీలించాలి? మీకు తెలిసిన ఒక తెలుగు కథను గాని, చలనచిత్రాన్ని గాని ఉదాహరణగా తీసుకొని రాయండి.