అమావాస్య నుంచి అమావాస్యకు: దూర సూపర్‌నోవాల అన్వేషణ, 1988–1999

విశ్వవ్యాకోచ వేగం పెరుగుతున్నదన్న ఆవిష్కరణ చరిత్రను సాధారణంగా 1998తో మొదలుపెట్టి 2011 నోబెల్ బహుమతితో ముగిస్తారు. ఈ కాలవిభజన సరికాదని, అసలు సమస్య అంతకు దశాబ్దం ముందే ఒక డెన్మార్క్ బృందం చేతిలో స్పష్టరూపం దాల్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

టైప్ 1ఎ సూపర్‌నోవాల గరిష్ఠ దీప్తి దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. కనుక ఎంత మసకగా కనిపిస్తే అంత దూరాన ఉన్నట్లు. వర్ణపటంలోని అరుణ విస్థాపనం, ఆ కాంతి బయలుదేరిన తరువాత విశ్వం ఎంత వ్యాకోచించిందో తెలుపుతుంది. సూత్రం సులభమే, చిక్కంతా ఆచరణలో. ఒక్కొక్క గెలాక్సీలో ఇటువంటి విస్ఫోటనం కొన్ని శతాబ్దాలకు ఒకసారి మాత్రమే సంభవిస్తుంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది ముందుగా తెలియదు. పెద్ద దూరదర్శినులపై సమయాన్ని మాత్రం నెలల ముందే కోరాలి.

చిలీలోని లా సియాలో, 1.5 మీటర్ల డెన్మార్క్ దూరదర్శినితో నోర్గార్డ్-నీల్సన్ బృందం గెలాక్సీ గుచ్ఛాలను పదేపదే చిత్రించింది. రెండేళ్ల శ్రమకు దక్కిన టైప్ 1ఎ ఒక్కటే: అరుణ విస్థాపనం 0.31 గల 1988యు. అదీ గరిష్ఠ దీప్తి దాటిన తరువాతే చిక్కింది. దీనిని వైఫల్యంగా లెక్కించడం పరిపాటి. నాకలా తోచదు. కొత్త చిత్రం నుంచి పాత చిత్రాన్ని కంప్యూటర్‌తో తీసివేసి, మిగిలిన చుక్కను పట్టుకొనే పద్ధతి అప్పటికే వారి చేతిలో ఉన్నది. లేనివి పెద్ద దర్పణం, విశాలమైన దృష్టిక్షేత్రం.

వాటిని సమకూర్చుకొన్న బర్క్‌లీలోని సాల్ పెర్ల్‌మట్టర్ బృందం మరొక మెట్టు ఎక్కింది. అమావాస్య గడిచిన వెంటనే వేలాది గెలాక్సీలను చిత్రించి, దాదాపు మూడు వారాలకు, మరుసటి అమావాస్యకు కాస్త ముందు, మళ్లీ చిత్రించేవారు. ఈ నడుమ పుట్టిన సూపర్‌నోవాలు ఇంకా గరిష్ఠ దీప్తికి చేరువలోనే ఉంటాయి. పరిశీలనకు చీకటి రాత్రులూ ముందుంటాయి. ఆకస్మిక ఘటనకు తిథి చూసి ముహూర్తం పెట్టడమన్నమాట! దూరదర్శినీ సమయాన్ని ముందే కోరడం దీనితో సాధ్యమైంది.

అయినా 1997లో తొలి ఏడు సూపర్‌నోవాలతో ఆ బృందం చేరిన నిర్ణయం వ్యాకోచం మందగిస్తున్నదన్న వైపే మొగ్గింది. మరుసటి ఏడాది ఆడమ్ రీస్, బ్రయన్ ష్మిట్‌ల బృందం ప్రచురించిన పత్రం అందుకు విరుద్ధమైన ఫలితాన్నిచ్చింది. పెర్ల్‌మట్టర్ బృందం కూడా, మరిన్ని సూపర్‌నోవాలు చేరాక, అదే ఫలితానికి వచ్చింది.

ఈ కథనంలో తరచూ జారిపోయేది చిలీ పాత్ర. త్వరగా మసకబారే సూపర్‌నోవాల గరిష్ఠ దీప్తి కూడా తక్కువేనని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపకపోతే, దూరాలను అంత కచ్చితంగా లెక్కించడం సాధ్యమయ్యేది కాదు. మారియో హముయ్, హోసే మాసా ప్రభృతుల కలాన్-తోలోలో సర్వే సమీప సూపర్‌నోవాలను ఓపికగా కొలిచింది. 1999లో పెర్ల్‌మట్టర్ బృందం తన 42 దూర సూపర్‌నోవాలను పోల్చి చూసినది ఆ సర్వేలోని 18 సూపర్‌నోవాలతోనే.